తూర్పు ఎడమవైపున్న బొమ్మ

2000వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. గుంటూరులో మిరపకాయల రోజులు. మిర్చి యార్డుకు వెళ్ళే లారీలన్నీ మా ప్రెస్సు ఉన్న వీధి మలుపు తిరిగే వెళ్ళేవి. కిటికీలు బిగించుకున్నా ఘాటు ఆగేది కాదు. తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ కీబోర్డు ముందు కూర్చునేదాన్ని. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. ఆ ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్‌గా చేరి అప్పటికి ఏడేళ్ళు.

డీటీపీ అంటే ఏమిటని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. రచయిత చేత్తో రాసి తెచ్చినదాన్ని కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలుగా అమర్చడం నా పని. ఆ పేజీలను ట్రేసింగ్ కాగితం మీద తీసి ఇస్తే, పేస్టింగ్ చేసే అతను పెద్ద షీటు మీద వరసగా అతికిస్తాడు. దాన్నుంచి ప్లేటు తయారవుతుంది, ప్లేటు నుంచి అచ్చు. ఈలోగా రచయితకు ప్రూఫులు ఇస్తాం. ప్రూఫు అంటే తప్పులు చూసుకోవడానికి ఇచ్చే నమూనా కాగితం. ఆఖరి ప్రూఫు మీద ఆయన 'అచ్చు వేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాలి. దాన్ని ప్రింట్ ఆర్డర్ అంటాం. ఆ సంతకం పడ్డాక ఏ తప్పు బయటపడినా అది రచయిత నెత్తి మీదే.

మాకు వచ్చే పనుల్లో పుస్తకాలు తక్కువ. పురుగుమందుల కరపత్రాలు, పత్తి విత్తనాల ప్యాకెట్ల లేబుళ్ళు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, పెళ్ళి కార్డులు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు. వాటితో ఏడేళ్ళు కుస్తీ పట్టాక నాకో గర్వం వచ్చింది. తప్పు ఎక్కడున్నా నా కంటికి ఇట్టే చిక్కుతుంది. మా పనిలో ఒక అలవాటు ఉంది, ఎవరూ నేర్పరు, అదే వస్తుంది. చిన్న తప్పయితే అడక్కుండా దిద్దేస్తాం. కార్డులో తేదీకి వారం కలవకపోతే క్యాలెండర్ చూసి మార్చేస్తాం. ఒత్తు పోతే పెట్టేస్తాం. ప్రతిదానికీ ఫోన్ చేసి అడుగుతూ కూర్చుంటే పని తెమలదు. పైగా పెద్దమనుషుల తప్పు మొహాన చెప్పడం ఏం బాగుంటుంది? గుట్టుచప్పుడు కాకుండా దిద్దేసి ఊరుకునేదాన్ని. అది నా తెలివి అనుకునేదాన్ని.

నా సంగతి కూడా చెప్పాలి. మా ఆయనకూ నాకూ కుదరలేదు, విడిపోయాం. పుట్టింటికి వెళ్ళడం నాకిష్టం లేదు. బ్రాడీపేటలో లేడీస్ హాస్టల్లో ఒక గది, ప్రెస్సులో వెనక గది, ఈ రెంటి మధ్య రిక్షా. నాకు నోరెక్కువని ప్రెస్సులో పేరు. నిజమే గానీ సాయంత్రం ఆరు దాటాక ఆ నోటికి పనుండేది కాదు. ఆదివారాలైతే ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిచేవి. అలవాటైపోయిందని అందరికీ చెప్పేదాన్ని.

అలాంటి రోజుల్లో కోటేశ్వరరావు గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండలో ఆరేసినట్టు ఉండేవారు. ఖాకీ సంచిలోంచి రెండువందల నలభై పేజీల కట్ట తీసి మా ఓనరు గారి బల్ల మీద పెట్టారు. రూళ్ళ కాగితాలు, ఒకవైపే రాసినవి, ఎక్కడా కొట్టివేత లేదు. నవలా అని ఓనరు గారు అడిగారు. కాదండీ, ఓడల గురించి, చుక్కల గురించి అన్నారాయన. లైట్‌హౌస్‌లలో కీపరుగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారట. రాత్రంతా ఆ దీపం ఆగిపోకుండా చూసుకునే ఉద్యోగం.

మా ఓనరు గారు ఉన్నమాట అనేసే మనిషి. "గుంటూర్లో సముద్రం గురించి ఎవరు చదువుతారండీ?" అన్నారు.

"ఇక్కడ చదవకపోయినా ఒక పల్లెలో చదువుతారండీ. వాళ్ళకు మాటిచ్చాను," అన్నారు కోటేశ్వరరావు గారు.

ఆ పల్లె బాపట్ల దాటాక సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడి లైట్‌హౌస్‌లో ఆయన రెండు విడతలుగా తొమ్మిదేళ్ళు పనిచేశారు. ఆయన పుట్టింది గుంటూరు పక్కన ఒక మిరప ఊళ్ళోనే గానీ, అక్కడ ఆయన్ను గుర్తుపట్టేవాళ్ళు లేరు. భార్య చాలా ఏళ్ళ క్రితమే పోయారు. పిల్లలు లేరు. మిర్చి కమిషన్ కొట్టు మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని దగ్గుకుంటూ ఉండేవారు. ఈ ఊళ్ళోనే ఎందుకున్నారండీ అని ఒకసారి అడిగాను. ఎక్కడో ఒకచోట ఉండాలిగా అన్నారు.

పుస్తకం పని ఫిబ్రవరిలో మొదలైతే దసరా దాకా సాగింది. పెళ్ళి కార్డులు, లేబుళ్ళ మధ్య సందు దొరికినప్పుడల్లా నాలుగు పేజీలు కొట్టేదాన్ని. ఆయన రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. మొదట్లో చిరాకు వేసేది. పక్కన మనిషి కూర్చుంటే నా వేళ్ళు సాగవు. "మీరు అలా చూస్తుంటే నాకు తప్పులొస్తాయండీ," అన్నాను ఒకరోజు. మర్నాడు కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. దానితో నవ్వొచ్చి, ఆ రోజు నుంచి బాబాయి గారూ అని పిలవడం మొదలుపెట్టాను.

ఆ పుస్తకం టైపు చేస్తూ నేర్చుకున్నది నేను బడిలో నేర్చుకోలేదు. చీరాల పక్కన మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు అని, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకు రాజు లాక్కోడని అక్కడ శాసనం వేయించారని అందులో ఉంది. శాతవాహనుల నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉందని ఉంది. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనబడుతుందో చూసి ఓడవాళ్ళు తాము ఎంత ఉత్తరాన ఉన్నారో చెప్పుకునేవారట. ఎంత తూర్పున ఉన్నారో తెలియాలంటే మాత్రం సరైన గడియారం కావాలట, ఆ గడియారం లేక ఎన్ని ఓడలు పోయాయో ఆయన ఒక అధ్యాయం నిండా రాశారు. చెయ్యి చాచి గుప్పిలి పట్టి ఆకాశాన్ని కొలవడం నాకు చూపించారు. మా హాస్టల్ డాబా మీద నేను గుప్పిళ్ళు పట్టుకుని నిలబడితే మిగతా అమ్మాయిలు ఎగాదిగా చూశారు.

ఆఖరి అధ్యాయం ఆ పల్లెవాళ్ళది. సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళు ఏ చుక్కను ఏమని పిలుస్తారు, ఏ చుక్క పొడిస్తే ఏ గాలి తిరుగుతుంది అన్నది. పిల్లలకోడి, గొల్లకావడి, ఇంకా నేనెప్పుడూ వినని పేర్లు. ఇవన్నీ ఆయనకు చెప్పింది పోలయ్య అనే అతని తండ్రి. ఆ ముసలాయన ఇసుకలో కూర్చుని చెబుతుంటే ఈయన లైట్‌హౌస్ దిగి వచ్చి రాసుకునేవారట. అలా రాసుకున్నవి గుడ్డ అట్టల నోటు పుస్తకాలు ఏడు. ఈ పుస్తకంలో వాటిలో పదోవంతు కూడా పెట్టలేదని, రెండో పుస్తకం అంతా వాటి నుంచే వస్తుందని చెప్పేవారు. రోజుకొకటి సంచిలో పెట్టుకుని వచ్చి, ప్రూఫు చూస్తూ మధ్యలో తెరిచి సరిచూసుకునేవారు. పోలయ్య తండ్రి అప్పటికే పోయాడు.

టైపు చేస్తూ నేను అలవాటు కొద్దీ చాలా దిద్దాను. ఒకచోట పేజీ నంబరు తప్పు వేశారు, మార్చాను. ఒకచోట జిల్లా పేరు తప్పు రాశారు, మార్చాను. ఒకసారి ఆయనే ప్రూఫులో చూసి, ఇది నేను తప్పు రాశాను కదమ్మా, నువ్వు దిద్దావా అన్నారు. అవునన్నాను. నీలాంటి మనిషి దొరకడం నా అదృష్టం అన్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు. నన్ను ఎవరైనా ఒక మంచి మాట అని ఎన్నాళ్ళయిందో.

దసరా ముందు ఆయనకు కంటి శుక్లాల ఆపరేషన్ చేశారు. మిగిలింది ఒక్క బొమ్మే, పుస్తకం చివర వేసే ఆకాశపటం. కార్తీకమాసంలో చీకటి పడ్డాక కనిపించే చుక్కలను గుండ్రంగా గీసి, చుట్టూ నాలుగు దిక్కులు పెన్సిల్‌తో రాశారు. దీపావళి వెళ్ళగానే ఆ పల్లెలో పుస్తకం పంచాలని ఆయన పట్టుదల. కంటికి పచ్చని గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చారు.

"బొమ్మ నువ్వే చూసి పెట్టమ్మా. నీ చూపు మీద నాకు నమ్మకం," అని, ఆఖరి ప్రూఫు మీద ఎక్కడ సంతకం పెట్టాలో నేను వేలితో చూపిస్తే అక్కడ పెట్టి వెళ్ళారు.

బొమ్మ స్కాన్ చేసి, దిక్కుల పేర్లు టైపు చేయబోతూ ఆగాను. పైన ఉత్తరం, కింద దక్షిణం, బాగానే ఉన్నాయి. కానీ ఎడమవైపు తూర్పు అని, కుడివైపు పడమర అని రాసి ఉంది. ఏ పటంలోనైనా కుడివైపు ఉండేది తూర్పు కదా, మూడో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు. అయ్యో పాపం, కన్ను కనబడక తారుమారు చేశారు అనుకున్నాను. రెండు మాటలూ అటుదిటు, ఇటుదటు చేసి పెట్టాను. రెండు నిమిషాల పని. ఆపరేషన్ అయిన మనిషిని ఇంతదానికి ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయనకు చెప్పలేదు. మంచిపని చేశాననే అనుకున్నాను.

పుస్తకం బాగా వచ్చింది. దీపావళి వెళ్ళిన ఆదివారం పల్లెలో పంచుతున్నాను, నువ్వూ రావాలి అని పిలిచారు. కార్తీకమాసం ముహూర్తాలు, కార్డుల మీద కార్డులు. రాలేనన్నాను. ఆయన రెండు కట్టలు పుస్తకాలు ఆటోలో పెట్టుకుని బస్టాండుకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నారు.

తర్వాత వారం రోజులు రాలేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంటే నాకేం తోచలేదు. ఇంత చిరాకు మనిషిని నేను ఎవరికోసమో ఎదురుచూస్తున్నానా అని నామీద నాకే కోపం వచ్చింది. ఎనిమిదో రోజు, సోమవారం, వచ్చారు. గడ్డం గీసుకోలేదు. కుర్చీలో కూర్చోకుండానే పుస్తకం తెరిచి ఆ బొమ్మ మీద వేలు పెట్టారు. పల్లెలో ఏం జరిగిందో అప్పుడు చెప్పారు.

పుస్తకాలు పంచి, చుక్కల పేర్లు చదివి వినిపిస్తే అందరూ మురిసిపోయారట. చీకటి పడ్డాక పోలయ్య కోడలు, పదో తరగతి దాకా చదివిన పిల్ల, బొమ్మ తెరిచి పిల్లలకోడి ఎటు పొడుస్తుందో గట్టిగా చదివింది. పడమట అని వచ్చింది. ఎదురుగా సముద్రం మీద, తూర్పున, పిల్లలకోడి పొడిచి ఉంది. మొదట నవ్వారట. తర్వాత నవ్వు ఆగిపోయింది. మా అయ్య ఇన్నాళ్ళు చెబితే నువ్వు రాసుకున్నది ఇదా సారూ, లోకమంతా మమ్మల్ని చూసి నవ్వడానికా అని పోలయ్య పుస్తకం ఇసుకలో పెట్టేసి లేచి వెళ్ళిపోయాడట.

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు, నేను దిద్దినది ఎలా తప్పయిందో. కానీ ఆయన అడిగింది వేరే.

"ప్రెస్సువాళ్ళు అక్షరం తప్పు వేస్తారు గానీ దిక్కు ఎందుకు మారుస్తారమ్మా? నువ్వు దిద్దినవి కూడా నా తప్పులేగా. నేనే తప్పు గీసి ఉంటాను. మా నాన్న కూడా ఈ వయసులోనే ఇంటి దారి మర్చిపోయాడు. నాకూ మొదలైందేమో. అదే అయితే ఆ నోటు పుస్తకాల్లో నేనేం రాసుకున్నానో, అదీ నమ్మడానికి లేదు. నేను గీసిన అసలు బొమ్మ ఉంటే ఒక్కసారి చూపించు. అది చూస్తే నాకు తెలిసిపోతుంది."

అసలు బొమ్మ నా సొరుగులోనే ఉంది. ఒరిజినల్స్ అని కవరు మీద రాసి ఆర్నెల్లు దాచడం మా పద్ధతి. నా మోకాలికి తగిలే సొరుగు అది. తీసి ఇస్తే పెన్సిల్‌తో తూర్పు అని ఆయన రాసినది ఎడమవైపే కనబడుతుంది, మార్చింది నేనని తెలిసిపోతుంది. నీలాంటి మనిషి దొరకడం అదృష్టం అన్న ఆ మనిషి ముందు నా ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. భయం వేసింది. ఇంకేం కాదు, ఒట్టి భయం.

"వెతకాలి బాబాయి గారూ. పాతవన్నీ పైన అటక మీద వేశారు," అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. నేను వెంటనే ఓనరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ప్రింట్ ఆర్డర్ తీసి సంతకం చూపించి, మనకు సంబంధం లేదు, నోరు మూసుకుని పని చూసుకో అన్నారు. ఆ మాట వినగానే నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. ఎవరో చెప్పారు కాబట్టి ఊరుకున్నాను అనుకోవచ్చు కదా.

పదకొండు రోజులు అలా గడిచాయి. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం. ఆయనే మళ్ళీ వస్తే ఇచ్చేద్దాం అనుకున్నాను. రాలేదు. హాస్టల్లో అన్నం సహించేది కాదు. సొరుగు తీసినప్పుడల్లా కవరు కనబడేది, మూసేసేదాన్ని. పన్నెండో రోజు ఒక పెళ్ళి కార్డు చేస్తూ వరుడి పేరు బదులు వరుడి తండ్రి పేరు కొట్టాను, ఏడేళ్ళలో మొదటిసారి. అప్పుడు లేచి కవరు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాను.

ఆయన గది మెట్ల మీదంతా మిరప గింజలు. తలుపు తీసి ఉంది. నులక మంచం, ఒక బల్ల, గూట్లో మా పుస్తకాల కట్టలు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఏమ్మా, దొరికిందా అన్నారు.

"పోలేదండీ. మొదటినుంచీ నా సొరుగులోనే ఉంది. మార్చింది నేనే. మీరు తప్పు రాశారనుకుని దిద్దాను," అన్నాను. కవరు ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కవరు చించి బొమ్మ తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. కన్ను దగ్గరగా పెట్టుకుని ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూశారు. తర్వాత బల్ల పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. "సరిగ్గానే గీశాను," అన్నారు. రెండుసార్లు అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను తిడతారనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయనకు నేనక్కడ ఉన్నట్టే గుర్తులేదు.

కాసేపటికి నన్ను లేచి నిలబడమన్నారు. బొమ్మ నా చేతికిచ్చి, తల మీదికి ఎత్తి పట్టుకోమన్నారు, చుక్కలు కిందికి చూసేట్టు. ఉత్తరం అని రాసిన అంచు ఉత్తరానికి తిప్పమన్నారు. తిప్పాను. తూర్పు అని రాసిన అంచు సరిగ్గా తూర్పు కిటికీ వైపుకు వచ్చింది. నేల పటాన్ని పైనుంచి కిందికి చూస్తాం, ఆకాశపటాన్ని కిందినుంచి పైకి చూస్తాం, అందుకే తూర్పు పడమరలు మారతాయి అన్నారు. నువ్వు బల్ల మీద పెట్టుకుని చూశావమ్మా, అంతే తేడా అన్నారు. ఇంత చిన్న సంగతి. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సరిదిద్దిన బొమ్మను జిగురు కాగితం మీద అచ్చు వేయించాను. రెండు సాయంత్రాలు ఆయన గదిలో కూర్చుని మిగిలిన పుస్తకాలన్నిట్లో పాత బొమ్మ మీద అతికించాం. ఆయన అతికించేవారు, నేను గుడ్డతో ఒత్తేదాన్ని. ఎక్కువ మాట్లాడుకోలేదు. అయినా మనిషి పక్కన ఉన్నాడన్న తోడు నాకు తెలుస్తూ ఉంది, ఆ తోడు నాకు దక్కాల్సింది కాదనీ తెలుస్తూ ఉంది.

ఆదివారం మధ్యాహ్నం, అక్కడ పంచిన పుస్తకాలకు సరిపడా జిగురు కాగితాలు తీసుకుని, ఇద్దరం బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళాం. నేను సముద్రం చూడటం అదే మొదలు. గుంటూరు నుంచి ఎంతో దూరం లేదు, అయినా ముప్పై రెండేళ్ళు చూడలేదు. పోలయ్య తెప్ప పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. ఈయన్ను చూసి తల ఎత్తలేదు. చుట్టూ పదిమంది దాకా చేరారు. నేను ముందుకు వెళ్ళి అందరి ముందూ చెప్పాను, సారు సరిగ్గానే రాశారు, అచ్చు వేసేటప్పుడు నేను మార్చాను, నాకు తెలియక చేశాను అని. ఇదిగో సారు గీసిన బొమ్మ అని అసలుది చూపించాను.

"నీకు తెలవకపోతే ఎందుకు మార్చావమ్మా?" అన్నాడు పోలయ్య. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

చీకటి పడేదాకా అక్కడే ఉండి, వాళ్ళ పుస్తకాల్లోనూ కొత్త బొమ్మ అతికించాం. పోలయ్యకు చదువు రాదు. కోడలు ఉత్తరం వైపు అంచు ఏదో చెబితే, ఇసుకలో వెల్లకిలా పడుకుని పుస్తకాన్ని మొహం మీదికి ఎత్తి పట్టుకున్నాడు. పుస్తకం పక్కకు తీసి ఆకాశం చూశాడు, మళ్ళీ పుస్తకం చూశాడు, అలా చాలాసేపు. లేచి, ఒంటికి అంటిన ఇసుక దులుపుకుని, కోటేశ్వరరావు గారి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"సరిపోయింది సారూ. మాట జారాను, మనసులో పెట్టుకోమాక," అన్నాడు. తర్వాత అన్నాడు, "మా అయ్య చెప్పినవాటిలో నాకు సగం కూడా గుర్తులేవు. గాలులయ్యీ, చుక్కలయ్యీ, అన్నీ నీ పుస్తకాల్లోనే ఉండయ్. ఆ రెండోది తొందరగా వెయ్యి. మా పిల్లోళ్ళకి చెప్పేవోళ్ళు లేరు."

కోటేశ్వరరావు గారు ఇసుక వైపు చూస్తూ, చూద్దాంలే పోలయ్యా అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నలుగురమే ఉన్నాం. నాకు గుండెల మీద బరువు దిగినట్టుంది. చాలా రోజుల తర్వాత నా నోరు నాకు తిరిగొచ్చింది. రెండో పుస్తకం టైపింగ్ నేనే చేస్తానని, ప్రెస్సు పని అయ్యాక కూర్చుని చేస్తానని, రేపటి నుంచే ఒక్కొక్క నోటు పుస్తకం తెచ్చివ్వమని చెబుతూ పోయాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఎంతకీ పలకకపోతే ఆగి, ఏమైందండీ అన్నాను.

"అవి లేవమ్మా," అన్నారు. "చిత్తుకాగితాలవాడికి ఇచ్చేశాను."

ఎప్పుడిచ్చారండీ అన్నాను.

"నువ్వు వెతకాలన్నావు చూడు, దానికి మూడో రోజు. రెండు రోజులు చూశాను. అసలు బొమ్మ తప్పని నీకు తెలిసి, నాకు చెప్పలేక అలా అన్నావనుకున్నాను. మతి తప్పినవాడి రాతలు, నేను పోయాక ఎవరైనా నమ్మి సముద్రం మీదికి వెళితే ఎట్లా అనిపించింది. నువ్వొచ్చి చెప్పిన రోజు సాయంత్రం వాడి కోసం తిరిగాను. అప్పటికే కాగితం మిల్లుకు పోయాయన్నాడు."

ఆ గదిలో రెండు సాయంత్రాలు నా పక్కన కూర్చుని జిగురు రాస్తూ ఉన్నప్పుడు కూడా ఆయనకు ఈ సంగతి తెలుసు. ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. చెబితే నువ్వు పల్లెకు రాలేవు, వాళ్ళ ముందు నిలబడి మాట్లాడలేవు, అది ముందు కావాలి కదా అన్నారు. కసురుకోలేదు, దెప్పలేదు. నేను బస్సులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేయబోయి, మళ్ళీ తీసేసుకున్నారు.

ఆ తర్వాత ఆయన ప్రెస్సుకు రాలేదు. నేను రెండుమూడుసార్లు గదికి వెళ్ళాను. ఆదరంగానే మాట్లాడేవారు, టీ ఇప్పించేవారు. ఆ సంవత్సరం దాటాక గది ఖాళీ చేసి పల్లెకు వెళ్ళిపోయారు. పోలయ్య వాళ్ళతో కూర్చుని గుర్తున్నవి మళ్ళీ రాసుకుంటున్నారని ఒక కార్డు వచ్చింది. పోలయ్యకు గుర్తున్నది సగమేనని ఆ రోజు నేను విన్నాను. ఆ రెండో సగం ఏమిటో ఈ భూమ్మీద ఇక ఎవరికీ తెలియదు.

ఈ పనిలో ఇప్పటికీ ఉన్నాను. ట్రేసింగులు, పేస్టింగులు పోయి అంతా కంప్యూటర్‌లోనే అవుతోంది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు రెండు సంగతులు చెబుతాను. రచయిత రాసింది తప్పని నూటికి నూరుపాళ్ళు తెలిసినా మార్చొద్దు, పక్కన గుర్తు పెట్టి అడగండి. ఇది అందరూ బుద్ధిగా రాసుకుంటారు. రెండోది, మీరు తప్పు చేశారని తెలిస్తే ఆ పూటే వెళ్ళి చెప్పండి అంటాను. దీనికి తల ఊపుతారు గానీ, ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో వాళ్ళకు తెలియదు. నేను మార్చిన బొమ్మ మీద జిగురు కాగితం అతికించగలిగాను. ఆ సోమవారం సొరుగు తీసి ఉంటే ఏడు నోటు పుస్తకాలూ ఇవాళ ఉండేవి.